ఎవరి పూచీ మీద

మా తాతయ్య ఎవర్నీ నమ్మడు. పాలు పొయ్యి మీద పెట్టే ముందు ఒకసారి వాసన చూస్తాడు, కాగాక ఇంకోసారి చూస్తాడు. మధ్యలో ఏదైనా కుట్ర జరిగి ఉండొచ్చని. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి లాగి చూస్తాడు. బస్సెక్కేటప్పుడు డ్రైవరు కళ్లలోకి తొంగి చూసి, "నిద్ర సరిగ్గా పట్టిందా నాయనా?" అని అడుగుతాడు. డ్రైవరు నవ్వితే సీట్లో కూర్చుంటాడు, విసుక్కుంటే దిగిపోతాడు. నిద్ర చాలనివాడే విసుక్కుంటాడని ఆయన సిద్ధాంతం. ఒకసారి జ్వరమొచ్చి ఆసుపత్రికి తీసుకెళితే, చంకలో థర్మామీటరు పెట్టబోయిన నర్సును ఆపి, "ముందు నువ్వు పెట్టుకో తల్లీ, అది నిజం చెప్పే రకమో కాదో చూద్దాం" అన్నాడు.

ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, పనితో అంటుకున్నది. తాతయ్య ఎత్తు భవనాల బయటి గోడలకు రంగులేసే మేస్త్రి. డాబా మీది స్తంభాలకు రెండు మోకులు కట్టి, వాటి కొసలకు ఒక పలక వేలాడదీసి, దాని మీద కూర్చుని గోడ పొడవునా కిందికి దిగుతూ రంగు వేయాలి. ఆ పలకను వాళ్లు ఉయ్యాల అంటారు. ఉయ్యాల అన్నారు కదా అని హాయిగా ఉంటుందనుకునేరు! కాళ్ల కింద గాలి తప్ప ఇంకేమీ ఉండదు. పైన మోకు కొద్దికొద్దిగా వదిలే మనిషి ఒకడుంటాడు. తాతయ్యకు ఆ మనిషి పొట్టి. పొట్టి నిజానికి పొడుగ్గానే ఉంటాడు. పేరు చిన్నప్పుడు పెట్టారు, పెరగడం ఆలస్యంగా మొదలైంది.

ఆ పనిలో నమ్మకం అనేది రోగం. తాతయ్య కొత్త మోకును నమ్మడు, ఎందుకంటే అది ఇంకా ఒక్క వానైనా చూడలేదు. పాత మోకును నమ్మడు, ఎందుకంటే అది చాలా వానలు చూసింది. ఈ రెంటి మధ్యా మోకు బతుకులో కొద్ది కాలం ఉంటుంది, అప్పుడు మాత్రం దాన్ని సగం నమ్ముతాడు. మిగతా సగం కోసం నడుముకు ఇంకో తాడు కట్టుకుంటాడు.

ఇలాంటి మనిషి దేవుణ్ణి నమ్ముతాడా? "కళ్ల ముందున్న మోకునే నేను నమ్మను. కనపడనివాణ్ణి నమ్మమంటావేంటే?" అనేవాడు నానమ్మతో.

"నిన్నెవరు నమ్మమన్నారయ్యా? నువ్వు నమ్మక ఆయనకి ఏ పని ఆగిపోయింది? వెళ్లి మొహం కడుక్కో."

నానమ్మ నమ్మేది. వెనక గదిలో ఆవిడ కుట్టుమిషను ఉంటుంది, దాని పక్కన ఒక పేము కుర్చీ. బడిపిల్లల చొక్కాలు కుట్టే పని ఆవిడది. తెల్లవారగానే, మిషను మీద కప్పిన గుడ్డ తీయకముందే, ఆ కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చుని కళ్లు మూసుకునేది. పెదాలు కదిలేవి, మాట వినపడేది కాదు. తాతయ్య గడప అవతల నుంచే ఎగతాళి మొదలుపెట్టేవాడు.

"అయ్యాయా మీ ఇద్దరి మంతనాలు? నా గురించి ఏమైనా అన్నాడా?"

"నీ పేరు చెబితే, ఆయనెవరు అన్నాడు."

ఇంత ఎగతాళి చేసే మనిషి, ఆవిడ లేచి వచ్చేదాకా పనికి బయల్దేరేవాడు కాదు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, ఆయనైతే అసలే గమనించలేదు. గుడ్డ బూట్లు ముందు పెట్టుకుని, లేసులు వదులు చేసి, లోపల పురుగుందేమోనని దులిపి, లేదని తేలాక కూడా దులిపి, వెనక గదిలో కుర్చీ కిర్రుమన్నాకే వాటిలో కాళ్లు దూర్చేవాడు. అంతకు ముందు దూర్చిన రోజు లేదు.

మా ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. ఒకప్పుడు తాతయ్య ఉయ్యాల మీద ఒంటరిగా దిగేవాడు కాదు. పలకకు ఆ చివర ఇంకొకాయన కూర్చునేవాడు. పని చేసినంతసేపూ పాడుతూనే ఉండేవాడు గనక పాటగాడు అనేవారు. గొంతు ఏమంత బాగుండేది కాదట, కానీ ఆ ఎత్తులో మధ్యలో లేచి వెళ్లడానికి ఎవరికీ వీలుండేది కాదు. వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉండేది: ఎవరి కొస ముడి వాళ్లే వేసుకోవాలి, ఇంకొకడి ముడి ముట్టుకోకూడదు, ముట్టుకుంటే అవతలివాణ్ణి అవమానించినట్టు. ఒక పొద్దున పాటగాడి కొస జారింది. పలక నిలువుగా లేచింది. తాతయ్య తన మోకును చుట్టుకుని వేలాడిపోయాడు, పాటగాడు కింద పడిపోయాడు. ఆనాటి నుంచి తాతయ్య రెండు కొసలూ తానే కట్టుకునేవాడు, ఒంటరిగానే దిగేవాడు. అనుమానం అప్పటికే ఉండేది, ఆ తర్వాత కాపురం పెట్టింది.

ముసలితనం వచ్చాక తాతయ్య ఉయ్యాల మానేసి, డాబా మీద నిలబడి కుర్రవాళ్ల మీద అరిచే హోదాకు చేరాడు. అంతా కుదుటపడిందనుకుంటుండగా, బస్టాండు ఎదుటి ఎనిమిదంతస్తుల భవనం వచ్చిపడింది. దాని పక్కగోడకూ పొరుగు భవనానికీ మధ్య ఉన్న సందు ఎంత ఇరుకంటే లావుగా ఉన్నవాడు ఇరుక్కుంటాడు, సన్నగా ఉన్నవాడు భయపడతాడు. పరంజా వేసే చోటు లేదు. కుర్రవాళ్లు తలా ఒక సాకు చెప్పారు. తాతయ్యకు రోషం వచ్చింది. "నేనే దిగుతాను. ఇదొక్కటీ చేసి మోకు చుట్టేస్తాను" అని మాటిచ్చేశాడు.

నానమ్మ విని, "మాటిచ్చే ముందు మోకాళ్లను కూడా ఒక మాట అడగాల్సింది" అంది.

పని ఇంకో వారానికి ఉందనగా ఒక పొద్దున తాతయ్య కళ్లద్దాలు వెనక గదిలో మర్చిపోయాడు. నానమ్మ కుర్చీలో ఉంది. ఆయన పిల్లిలా లోపలికి వెళ్లాడు. ఇన్నేళ్లలో ఆవిడకు అంత దగ్గరగా, ఆ సమయంలో వెళ్లడం అదే మొదటిసారి. పెదాల చప్పుడు కాస్త మాటల్లా వినపడింది. మర్యాదగల మనిషైతే వెనక్కి వచ్చేసేవాడు. తాతయ్య చెవి ఒగ్గాడు.

"...ఉతుక్కోవద్దని నేనన్నానా? పిండి ఆరేసుకో తల్లీ అంటున్నాను. నీ ఇంటి నీళ్లన్నీ నేను కుట్టిన చొక్కాల మీద పడుతున్నాయి. అప్పుడు నువ్వంటావు, చూసుకోలేదు పిన్నిగారూ అని. అప్పుడు నేనంటాను, ఏడాది నుంచీ చూసుకోలేదా అని..."

తాతయ్య కళ్లద్దాలు తీసుకోకుండానే బయటికి వచ్చేశాడు. మా ఇంటి పైవాటాలో ఉండే ఆవిడ మీద దేవుడికి ఫిర్యాదు చేస్తోందేమోనని మొదట సర్దిచెప్పుకున్నాడు. కానీ దేవుడు నానమ్మను పిన్నిగారూ అని ఎందుకు పిలుస్తాడు? పొద్దెక్కాక నానమ్మ పైవాటాకు వెళ్లింది. తాతయ్య మెట్ల మలుపులో నిలబడి విన్నాడు. పొద్దున కుర్చీలో అన్న మాటలే, ఒక్కటీ పొల్లుపోకుండా, అదే వరసలో అప్పజెప్పింది. "చూసుకోలేదు పిన్నిగారూ" అని పైవాటా ఆవిడ కూడా తన వంతు తప్పకుండా అంది.

అంటే అది ప్రార్థన కాదు, పోట్లాటకు రిహార్సలు.

తాతయ్యకు ఆ పూట ఇంకే పనీ తోచలేదు. ఒక్కరోజే ఇలా జరిగిందా, రోజూ ఇంతేనా? ఆయన నమ్మడు కదా, ఆయనకేం పోయింది అని మీరు అడగొచ్చు. ఆయన కూడా అదే ప్రశ్న తనను తాను అడిగి, జవాబు దొరకక, ఆ ప్రశ్న మీద కూడా అనుమానపడ్డాడు.

ఇక పరిశోధన మొదలైంది. మధ్యాహ్నం అన్నం దగ్గర ఉన్నట్టుండి అడిగాడు:

"పొద్దున నా మోకాలి సంగతి చెప్పావా ఆయనకి?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"డాక్టరుకి చూపించుకోమన్నాడు."

"అది నువ్వు రోజూ అనే మాటేగా?"

"మంచి మాట ఎవరన్నా ఒకటే. కూర వేయమంటావా?"

ఇలా లాభం లేదనుకున్నాడు. మోకును పరీక్షించాలంటే బరువు వేసి చూడాలి. అందుకని మర్నాడు తెచ్చిపెట్టుకున్న విచారంతో, "ఆ పని రద్దయిందే. వాళ్లు వేరే వాళ్లకి ఇచ్చేశారు" అన్నాడు. ఆయన లెక్క ఏమిటంటే, ఆవిడ తన కోసమే ప్రార్థిస్తున్నట్టయితే, తాను ఎక్కేది లేదని తెలిశాక కుర్చీలో కూర్చునే సమయం తగ్గాలి. తెల్లారి గడియారం ముందు నిలబడి కాపు కాశాడు. నానమ్మ ఎప్పుడూ కూర్చునేంతసేపే కూర్చుంది, ఎప్పటిలాగే లేచి వచ్చింది, టీ పెట్టింది. తాతయ్య నీరసపడిపోయాడు. తన ప్రాణం ఉన్నా లేకపోయినా ఒకటే నిడివి ఉండే ప్రార్థన ఏం ప్రార్థన?

ఆ సాయంత్రం, పని రద్దు కాలేదట, వాళ్లే మళ్లీ బతిమాలారట అని ఇంకో అబద్ధం చెప్పాల్సి వచ్చింది. నానమ్మ ఆయన్ను కాసేపు తేరిపార చూసి, "నువ్వు ఈ మధ్య ఏదో దాస్తున్నావయ్యా" అంది. అనుమానించే మనిషిని ఇంకొకరు అనుమానిస్తే ఎంత అవమానంగా ఉంటుందో తాతయ్యకు అప్పుడు తెలిసింది.

ఇక ఎవరితోనైనా చెప్పుకోక తప్పలేదు. మోకులు ఎండలో పరిచి చూస్తూ పొట్టిని అడిగాడు.

"ఒరేయ్, మీ ఆవిడ నీ కోసం ప్రార్థన చేస్తుందా?"

"చేస్తుంది మేస్త్రీ. నేను ఎప్పుడు పోతానా అని."

"హాస్యాలొద్దు."

"హాస్యమేముంది? సరే, మా వదినకేమైంది?"

"మానేసినట్టుంది."

"మానేస్తే మంచిదేగా. ఇన్నేళ్లకి నీ మాట విన్నదన్నమాట."

తాతయ్య మోకు నేలకేసి కొట్టాడు. "నేను నమ్మకపోవడం నా ఇష్టం రా. ఆవిడ నమ్మకపోవడమేంటి?"

పొట్టి తల గోక్కున్నాడు. "నాకు అర్థం కాలేదు మేస్త్రీ."

"నాకూ కాలేదు. ఆ కొస ఇటు తిప్పు, ఇక్కడ పీచు లేచినట్టుంది."

పీచు లేవలేదు. ఆయన కళ్లకే అలా కనపడింది.

పనికి ముందురోజు మధ్యాహ్నం తాతయ్య ఇక తట్టుకోలేకపోయాడు. నానమ్మ కిటికీ దగ్గర కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతోంది. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పోలీసు ఠాణాలో ప్రశ్నించేవాడిలా రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. పొద్దున ఆ కుర్చీలో కూర్చుని ఏం చేస్తావ్?"

"తెలీదా నీకు?"

"పైవాటా ఆవిడతో పోట్లాడటం విన్నాను."

నానమ్మ సూది ఆపింది. సిగ్గుపడుతుందనుకున్నాడు, పడలేదు. నవ్వింది. "పట్టుబడ్డాను! ఏం చెయ్యమంటావ్? ఊరికే కూర్చుంటే నిద్రొస్తుంది. ఏదో ఒకటి నమలాలిగా."

"ఊరికే కూర్చోవడమేంటి? ప్రార్థనో?"

"మానేశాను."

"ఎప్పుడు? మొన్నా?"

"మొన్న కాదయ్యా." ఆవిడ దారం పంటితో కొరికి, చొక్కా పక్కన పెట్టింది. "పాటగాడు పోయిన రోజు."

ఆ పేరు ఆ ఇంట్లో వినపడి చాలా కాలమైంది.

"ఆ పొద్దున వాళ్లావిడ ఇక్కడే ఉంది, గుర్తుందా? చొక్కా చేతులు కత్తిరించడానికి వచ్చింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ప్రార్థన చేశాం. నేను కుర్చీలో, ఆవిడ చాప మీద. నాకంటే బాగా చేసేది. నా మనసు పొయ్యి మీదికి పోయేది, ఆవిడది పోయేది కాదు. నువ్వు క్షేమంగా రావాలని నేనడిగాను, ఆయన క్షేమంగా రావాలని ఆవిడడిగింది. మీరిద్దరూ ఒకే పలక మీద కూర్చున్నారు. ఒక కొస నిలిచింది, ఒక కొస జారింది." నానమ్మ గొంతు మామూలుగానే ఉంది. అదే తాతయ్యను భయపెట్టింది. "నా మాట దేవుడు ఎందుకు విన్నాడు? ఆవిడ మాట ఎందుకు వినలేదు? ఆవిడేమైనా తప్పు పలికిందా? నువ్వు అందరి మీదా అనుమానపడతావు కదా, నాకు ఆ రోజు ఆయన మీద అనుమానం వచ్చింది. సాయంత్రం నిన్ను ప్రాణాలతో తీసుకొచ్చారు. దణ్ణం పెడదామని కూర్చున్నాను. చేతులు లేవలేదు. ఆవిడ ఏడుపు వినపడుతుంటే నేను దేవుణ్ణి మెచ్చుకుంటూ ఎలా కూర్చుంటాను? మర్నాడు అడుగుదామంటే నోరు రాలేదు. నిన్ను పట్టుకోమని అడిగితే ఇంకెవర్నో వదిలేయమన్నట్టుంటుంది."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. అది అందుకునేదాకా ఇద్దరూ విన్నారు.

"మరి కుర్చీలో కూర్చోవడం ఎందుకు మానలేదు?" అన్నాడు తాతయ్య చివరికి.

"మానాలనే అనుకున్నాను. దెబ్బలు తగ్గాక నువ్వు పనికి బయల్దేరిన మొదటి పొద్దున మానేశాను కూడా. వంటింట్లోనే ఉండిపోయాను. నువ్వు బూట్లు ముందు పెట్టుకుని కూర్చున్నావు. దులుపుతావు, పెడతావు. మళ్లీ దులుపుతావు. ఎండ గడపలోకి వచ్చింది. పొట్టి వచ్చి పిలిచి వెళ్లాడు. నువ్వు కదల్లేదు. అప్పుడర్థమైంది నాకు. వెళ్లి కుర్చీలో కూర్చుని కాసేపు గోడ చూసి, కిర్రుమనిపించి లేచి వచ్చాను. నువ్వు బూట్లు తొడుక్కుని వెళ్లిపోయావు."

తాతయ్య మొహం ఎర్రబడింది. ఇంత వయసొచ్చాక దొంగతనం బయటపడ్డవాడిలా అటూ ఇటూ చూశాడు.

"అయితే ఇన్నేళ్లూ నేను ఎవరి పూచీ మీద ఎక్కాను?"

"మోకు పూచీ మీద. నువ్వే అనేవాడివిగా."

"మోకును నేనెప్పుడు నమ్మానే!"

"ఆ సంగతి నాకు తెలీదు," అంది నానమ్మ, ఇంకో గుండీ ఎత్తుకుంటూ.

ఆ సాయంత్రమంతా తాతయ్య ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఆలోచించాడు. ఆయన ఆలోచన కూడా ముడి వేసినట్టే ఉంటుంది, ఒక చుట్టు వేసి లాగి చూసి ఇంకో చుట్టు. ఎవరూ అడగకపోయినా తాను పడలేదు. అంటే అడగనవసరం లేదని. కానీ ఆవిడ అడుగుతోందని తాను అనుకోకపోయి ఉంటే అసలు గడప దాటేవాడే కాదు. అంటే లేనిదాన్ని పట్టుకునే ఇన్నాళ్లూ గాల్లో వేలాడాడు, అది తెగలేదు. లేనిది ఎలా తెగుతుంది? మరి లేనిది ఎలా ఆపింది? ఒకవేళ పైన ఎవరైనా ఉండి, అడిగినా అడగకపోయినా తన పని తాను చేసుకుపోతున్నాడా? అలాంటప్పుడు పాటగాణ్ణి ఎందుకు వదిలాడు? ఇక్కడికి వచ్చేసరికి ముడి జారిపోయేది. మళ్లీ మొదటి నుంచి వేసుకునేవాడు. దేవుడు లేడని అనడానికి ఎప్పుడూ జంకనివాడు, ఆ సాయంత్రం లేడని గట్టిగా అనుకోబోయి, ఎవరో తన మాట నమ్మేస్తారేమోనని ఆగిపోయాడు.

పొద్దున లేచాడు. బూట్లు తెచ్చుకుని కూర్చున్నాడు. నానమ్మ వంటింట్లో ఉంది. వెనక గది వైపు వెళ్లలేదు. ఎందుకు వెళ్తుంది? ఆయన దులిపాడు, పెట్టాడు. దులిపాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"కాసేపు కూర్చోరాదూ?"

"ఎక్కడ?"

"నీకు తెలుసు. ఉత్తుత్తినే కూర్చో. పైవాటా ఆవిణ్ణి తిట్టుకో. నేనేమైనా వింటానా?"

"తెలిసిపోయాక ఎలా కూర్చుంటానయ్యా? నాకే నవ్వొస్తుంది." నానమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది. "భయంగా ఉంటే మానెయ్. ఎవరూ ఏమనుకోరు."

"మాటిచ్చాను."

"అయితే నువ్వే కూర్చో ఆ కుర్చీలో."

"నేనా? నేను కూర్చుని ఎవరితో మాట్లాడాలి? పరిచయమే లేదు."

నానమ్మకు నవ్వొచ్చింది, కానీ ఆయన చేతులు లేసుల మీద వణుకుతున్నాయని చూసింది. లోపలికి వెళ్లి శాలువా కప్పుకుని, చెప్పులు వేసుకుని వచ్చింది.

"ఎక్కడికి?"

"నీతోనే. ఇన్నేళ్లలో నువ్వు వేలాడటం ఒక్కసారీ చూడలేదు. పద."

దార్లో తాతయ్య పదిసార్లు వద్దన్నాడు, పదిసార్లూ ఆవిడ ముందు నడిచింది. ఆ భవనంలో లిఫ్టుంది గానీ తాతయ్య లిఫ్టును నమ్మడు. మెట్ల మీద, మోకాళ్లు పట్టుకుంటూ, అంతస్తుకోసారి ఆగుతూ ఎక్కాడు. నానమ్మ లిఫ్టులో వెళ్లింది. ఎవరి పూచీ మీద ఎక్కావని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

డాబా మీద పొట్టి అన్నీ సిద్ధం చేసి ఉంచాడు. నానమ్మను చూసి నోరు వెళ్లబెట్టాడు. "వదినా! నువ్వేంటి ఇక్కడ?"

"తనిఖీకి వచ్చాను. ఈ ముడులు ఎవరు కట్టారు?"

"మేస్త్రి వచ్చి కట్టుకుంటాడు. నన్ను ముట్టుకోనిస్తాడా?"

తాతయ్య ఒక కొస కట్టి లాగాడు, రెండో కొస కట్టి లాగాడు. నడుము తాడును నీళ్ల ట్యాంకు స్తంభానికి చుట్టి ముడి వేశాడు. ముడి అవతల తాడు ఒక బారెడు మిగిలింది. దానితో ఏ పనీ లేదు, ముడి వేశాక మిగిలిన తోక అది, అంతే. నానమ్మ వచ్చి ఆ తోకను రెండు చేతులా పట్టుకుంది.

"అది పట్టుకుని ఏం చేస్తావ్? బరువంతా ముడి మీదే ఉంటుంది. నువ్వు పట్టుకున్నా ఒకటే, వదిలినా ఒకటే."

"అయితే పట్టుకుంటాను."

"దానివల్ల ఏమీ జరగదే!"

"నాకూ తెలుసు. నువ్వు దిగు."

తాతయ్య పిట్టగోడ దాటి పలక మీద కూర్చున్నాడు. పొట్టి మోకు వదలడం మొదలుపెట్టాడు. సందులో ఎండ పడదు. రెండు గోడల మధ్య నిలవ నీళ్ల వాసన. తల పిట్టగోడ కిందికి వెళ్లగానే తాతయ్య అరిచాడు:

"ఏమే, పట్టుకున్నావా?"

"పట్టుకున్నా!"

ఒక వరస గీకి, రంగు వేసి, ఇంకాస్త దిగాడు. "వదల్లేదు కదా?"

"వదల్లేదు!"

"మేస్త్రీ, పట్టుకునే ఉంది," అని పొట్టి తొంగి చూసి చెప్పాడు.

"నిన్నడగలేదు. నువ్వు నీ మోకు చూడు."

ఇంకా కిందికి వెళ్లేసరికి బస్టాండు చప్పుడు సందులో దూరి నిండిపోయింది. అరిచాడు. జవాబు వచ్చిందో లేదో తెలియలేదు. ఇంకోసారి అరిచాడు. తన గొంతే గోడలకు కొట్టుకుని తిరిగొచ్చింది. పైకి చూస్తే సన్నటి ఆకాశం ముక్క, రెండు మోకులు, నడుము తాడు. దాని పై కొస ఏ చేతుల్లో ఉందో కనపడదు. వదిలేసి ఉండొచ్చు. పొట్టి ఫ్లాస్కు తెచ్చుకుంటాడు, ఇద్దరూ టీ తాగుతూ ఉండొచ్చు. లేదా అటువైపు వెళ్లి ఎవరి బట్టలు ఎక్కడ ఆరేస్తున్నారో చూస్తూ ఉండొచ్చు, ఆవిడకు అదొక జబ్బు. పట్టుకున్నా ఒకటేనని తానే చెప్పాడు కదా, మరి ఎందుకిలా మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తున్నాడు? కుంచె రంగులో ముంచాడు. రంగు మోచేతి దాకా కారింది. ఇంకో వరస వేశాడు. చెయ్యి మాత్రం వణకడం లేదు. అది ఎప్పుడు ఆగిందో ఆయన చూసుకోలేదు.

మధ్యాహ్నానికి పైకి వచ్చాడు. పొట్టి అన్నం డబ్బా విప్పుతున్నాడు. నానమ్మ ట్యాంకు నీడలో కూర్చుని ఉంది, చేతులు రెండూ శాలువాలో. తాడు తోక నేల మీద పడి ఉంది.

"ఎప్పుడు వదిలావ్?"

"నీ తల కనపడ్డాక."

"చేతులు చూపించు."

"ఎందుకు?"

"అంతసేపు పట్టుకుంటే అచ్చు పడుతుంది."

"పడే ఉంటుంది."

"మరి చూపించు."

"చూపించను," అంది నానమ్మ.

తాతయ్య పొట్టి వైపు తిరిగాడు. పొట్టి తన డబ్బాలోకి చూసుకుంటూ, "నేను నీ మోకే చూస్తున్నా మేస్త్రీ, నువ్వే చూడమన్నావు" అన్నాడు.

గోడలో పక్క భాగం ఇంకా దిగాల్సింది మిగిలే ఉంది. తాతయ్య తిన్నంతసేపూ ఆ శాలువా వైపే అనుమానంగా చూశాడు. ఒక చెయ్యైనా బయటికి వస్తుందేమోనని నీళ్లు అందించమన్నాడు. నానమ్మ మోచేత్తో సీసా ఆయన వైపు తోసింది. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఇద్దరూ నవ్వలేదు. తర్వాత లేచి, పలకను ఆ పక్క భాగానికి జరిపి, రెండు కొసలూ మళ్లీ కట్టి లాగి చూసుకున్నాడు. పిట్టగోడ మీదికి కాలు వేశాడు.

"పట్టుకో," అన్నాడు, వెనక్కి చూడకుండా.